సెల్లార్‌లో బంకర్

2024 ఆగస్టు 31, శనివారం. పొద్దుటి నుంచి పట్టిన వాన రాత్రి పదకొండైనా వదలడం లేదు. వాయుగుండం కళింగపట్నం దగ్గర తీరం దాటబోతోందని టీవీలో చెబుతుండగానే కరెంటు పోయింది. ఫోన్ వెలుగులో మెట్లు దిగి సెల్లార్‌లోకి వస్తే అక్కడ నాకంటే ముందే ఇద్దరు చేరారు. ప్లాస్టిక్ కుర్చీలో మూడో అంతస్తు బాబాయిగారు, స్టీల్‌ప్లాంట్‌లో రిటైరైన మనిషి. నులక మంచం మీద మా వాచ్‌మన్ తాత. వాళ్ల మధ్య స్టూలు మీద, చెంబుకి ఆనించిన ఫోన్లో అట్లాంటాలో ఆడుతున్న గోల్ఫ్.

విశాఖ సీతమ్మధారలో గోల్ఫేమిటి అనుకోకండి. తాత వయసులో ఉన్నప్పుడు ఈస్ట్ పాయింట్ గోల్ఫ్ క్లబ్బులో క్యాడీ. విశాలాక్షినగర్ వైపు ఆ వాలుల్లో ఎందరి బ్యాగులు మోశాడో లెక్కలేదు. "క్యాడీ అంటే మా మావ కేడీ అనుకున్నాడు బాబూ. పెళ్లిసూపుల్లోంచి లేసి ఎలిపోబోయాడు" అని ఇప్పటికీ నవ్వుతాడు. ఆట మొదలైతే మాత్రం నవ్వడు. మంచం మీద కూర్చునే పచ్చిక వాలు చూస్తాడు, గాలి ఎటు వీస్తోందో చూస్తాడు.

ఆ రాత్రి నడుస్తున్నది టూర్ ఛాంపియన్‌షిప్, ఈస్ట్ లేక్ మైదానంలో మూడో రౌండు. సీజనంతా ఆడినవాళ్లలో ముప్ఫై మందికే ప్రవేశం, గెలిచినవాడికి రెండున్నర కోట్ల డాలర్లు. ర్యాంకుల్లో ముందున్నాడని స్కాటీ షెఫ్లర్‌కి తొలి బంతి కొట్టకముందే పది అండర్, అంటే నిర్ణీత స్కోరు కంటే పది స్ట్రోకులు తక్కువ, ఇచ్చేశారు. "పరుగుపందెంలో ఒకణ్ణి సగం దారిలో నిలబెట్టి ఈల వేసినట్టుంది" అన్నారు బాబాయిగారు. మరుసటి ఏడు ఆ పద్ధతి ఎత్తేశారు లెండి.

మా కళ్లు షెఫ్లర్ మీద లేవు. సాహిత్ తీగల మీద ఉన్నాయి. కాలిఫోర్నియాలో పుట్టి పెరిగినవాడు, అమ్మానాన్నలది హైదరాబాద్. 2023 సెప్టెంబరులో నాపాలో ఫోర్టినెట్ ఛాంపియన్‌షిప్ గెలిచాడు. పీజీఏ టూర్‌లో అదే తొలి గెలుపు. వ్యాఖ్యాతలు 'తీగాలా' అని సాగదీసినప్పుడల్లా తాత ఫోనుకి సరిచెబుతాడు: "తీగల. మల్లితీగల్లాగ."

మూడో హోల్. సాహిత్ బంతి ఇసుక గుంటలో, అంటే బంకర్లో పడింది. కొట్టాడు, బయటికొచ్చింది. మాకు అందులో తేడా ఏమీ కనిపించలేదు. చూస్తే వాడు రూల్స్ అధికారితో మాట్లాడుతున్నాడు. కాసేపటికి స్కోరులో రెండు స్ట్రోకులు పెరిగాయి.

"అదేటి?" అన్నారు బాబాయిగారు.

బంకర్లో ఉన్న బంతిని కొట్టేముందు, కర్ర వెనక్కి లేపేటప్పుడు ఇసుకని తాకకూడదు. తాకితే రెండు స్ట్రోకుల పెనాల్టీ. తన కర్రకి రేణువులు తగిలాయని అతనికి అనిపించింది. నూటికి నూరుపాళ్లు నమ్మకమేమీ లేదట, అయినా తనే పిలిచి చెప్పాడు.

బాబాయిగారికి అది మింగుడుపడలేదు. "ఎవరూ చూడలేదు కదయ్యా! క్రికెట్‌లో కీపర్ చేతిలో బంతి పడ్డా, అంపైర్ వేలెత్తేదాకా కదలని మహానుభావులున్నారు. వీడికేం పోయేకాలం?"

తాత లేచాడు. సెల్లార్ మూల బాత్రూం రిపేరుకి తెచ్చిన ఇసుక కుప్ప ఉంది, పైన పట్టా కప్పి. పట్టా తీసి, చేత్తో చదును చేసి, గోలీకాయంత రాయి పెట్టాడు. నా గొడుగు మడిచి తిరగేసి పట్టుకున్నాడు. "ఫోను లైటు ఇలాగ పట్టండి." గొడుగు పిడిని రాయి వెనక గాల్లో ఆనీ ఆననట్టు నిలిపి మెల్లగా వెనక్కి లాగాడు. వంగి చూశాను. ఇసుక మీద పిల్లి మీసం గీసినంత గీత. దాని చివర రెండు మూడు రేణువులు పక్కకి దొర్లి, లైటులో మెరుస్తున్నాయి.

"మీకు అవుపడిందేటి?"

"వంగితే కనపడింది."

"కర్ర పట్టుకున్నోడికి వంగక్కర్లేదు బాబూ. సేతికి తెలిసిపోద్ది."

బయట గాలి పెరిగింది. గేటు ఇనప రేకు కొట్టుకుంటోంది. అప్పుడు నాకు పాతకాలపు గోల్ఫర్ బాబీ జోన్స్ గుర్తొచ్చాడు. ఈ ఈస్ట్ లేక్ ఆయన చిన్నప్పటి నుంచి ఆడిన మైదానమే. 1925 యూఎస్ ఓపెన్‌లో గడ్డిలో తన బంతి కదిలిందని తనే చెప్పి ఒక స్ట్రోకు వేయించుకున్నాడు. చివరికి విల్లీ మెక్‌ఫార్లేన్‌తో సమానమై, ప్లేఆఫ్‌లో ఒక్క స్ట్రోకుతో ఓడిపోయాడు. మెచ్చుకోబోతే, బ్యాంకు దోచుకోలేదని పొగుడుతారా అని విసుక్కున్నాడట. ఇది చెబితే బాబాయిగారు, "అంటే వీళ్లకిది వందేళ్ల జబ్బన్నమాట" అన్నారు. గొంతులో ఇందాకటి విసురు లేదు.

పెనాల్టీ పడ్డా ఆ రోజు సాహిత్ 66 కొట్టాడు. చెప్పకపోయుంటే రాత్రి నిద్ర పట్టేది కాదని తర్వాత అన్నాడు.

ఆదివారం ఎవరికీ ఆట ధ్యాస లేదు. విజయవాడలో బుడమేరు పొంగింది, సింగ్‌నగర్ మునిగింది. బాబాయిగారి వియ్యాలవారిది అక్కడే. పగలంతా ఫోను చెవికి అంటించుకునే తిరిగారు. రాత్రికి వాళ్లు డాబా మీద క్షేమంగా ఉన్నారని తెలిశాక, తెల్లవారుజామున ఆయనే వచ్చి నా తలుపు కొట్టారు. "ఏమైంది మనవాడు?"

64 కొట్టాడు మనవాడు. షెఫ్లర్ ముప్ఫై అండర్‌తో గెలిచాడు. కొలిన్ మోరికావా ఇరవయ్యారు, సాహిత్ ఇరవై నాలుగు. మూడో స్థానం, డెబ్బై అయిదు లక్షల డాలర్లు. బాబాయిగారు కాగితం తీశారు. ఆ రెండు స్ట్రోకులూ లేకపోతే మోరికావాతో సమానం. రెండు, మూడు స్థానాల డబ్బు కలిపి పంచుకుంటే చెరొక కోటి డాలర్లు. అంటే పోయింది పాతిక లక్షల డాలర్లు, మన లెక్కలో ఇరవై కోట్ల పైమాట. కాగితం మడిచి జేబులో పెట్టుకున్నారు గానీ ఏమీ అనలేదు.

పొద్దున్న పాల ప్యాకెట్లకి దిగాను. తాపీమేస్త్రి ఇంకా రాలేదు. ఇసుక కుప్ప దగ్గర బాబాయిగారు, చేతిలో తన గొడుగు. చదును చేసిన ఇసుకలో రాయి. గొడుగు పిడి మెల్లగా వెనక్కి వెళ్లింది. తాత అటు తిరిగి మోటారు స్విచ్ వేస్తున్నాడు.

"తగిలిందేటి బాబూ?" వెనక్కి చూడకుండానే అడిగాడు.

బాబాయిగారు మోకాళ్ల మీద చేతులు ఆనించి వంగారు. చొక్కా జేబులో కళ్లజోడు కోసం తడుముకుంటున్నారు.