ఫ్లాపీ రూటర్లలో సి లైబ్రరీ మార్పిడి

ఒకే ఫ్లాపీ నుంచి బూటై, పూర్తిగా ర్యామ్‌లో నడిచే లినక్స్ రూటర్లలో ప్రోగ్రాములన్నిటికీ ఆధారమైన సి లైబ్రరీని మార్చే ప్రక్రియ. ఈ తరహా రూటర్లను 1990ల చివర్లో డేవ్ సినేజ్ ప్రారంభించిన లినక్స్ రూటర్ ప్రాజెక్ట్ (ఎల్‌ఆర్‌పీ) వ్యాప్తిలోకి తెచ్చింది. తర్వాత దాన్ని లీఫ్ ప్రాజెక్ట్ కొనసాగించింది.

అసలు చిక్కు స్థలానిది. ఫ్లాపీ సామర్థ్యం 1.44 మెగాబైట్లు, దాన్ని 1680 కిలోబైట్లకు ఫార్మాట్ చేసి వాడడం పరిపాటిగా ఉండేది. కెర్నల్, కుదించిన ఎల్‌ఆర్‌పీ ప్యాకేజీలు అన్నీ అందులోనే ఇమడాలి. పలు వెర్షన్లు గ్నూ సి లైబ్రరీ అయిన జీలిబ్‌సీ 2.0తో వచ్చాయి. జీలిబ్‌సీ 2.1 కోసం కంపైల్ చేసిన ప్రోగ్రాములు సాధారణంగా వాటిపై నడవవు. వాటిని నడపాలంటే, ప్రోగ్రాములకు లైబ్రరీని జతచేసే డైనమిక్ లోడర్‌నూ లైబ్రరీనీ కలిపే మార్చాలి. ఈ రెండింటికీ పొంతన కుదరకపోతే షెల్ సహా ఏదీ నడవదు. అందుకే పాత ఫ్లాపీని కదపకుండా మరో ప్రతిపై మార్పు చేయడమే క్షేమం. ర్యామ్‌లో చేసిన మార్పును ప్యాకేజీగా ఫ్లాపీకి బ్యాకప్ చేయకపోతే రీబూట్‌తో పోతుంది.

లీఫ్‌లోని బేరింగ్-యూసీలిబ్‌సీ శాఖ జీలిబ్‌సీని వదిలి, చిన్నదైన యూసీలిబ్‌సీని స్వీకరించింది. రెండింటికీ బైనరీ పొంతన లేనందున ప్యాకేజీలను మళ్లీ కంపైల్ చేయాల్సి వచ్చింది.