బడికి రాని బిడ్డ: మార్లవాయి నుంచి మనం నేర్చుకోవలసింది

మన గూడేల్లో పిల్లవాడు నాలుగు రోజులు బడికి పోకపోతే అందరూ ముందు వాడినే తప్పుపడతారు. సోమరి అంటారు, అడవి వదలడంటారు, తల్లిదండ్రులకు చదువు విలువ తెలియదంటారు. హాజరు పట్టీలో గైర్హాజరు అని పడుతుంది గానీ, ఎందుకు రాలేదో రాసే గడి అందులో ఉండదు. ఆ 'ఎందుకు'కు మన చరిత్రలో కొంత జవాబు ఉంది. యువతీ యువకులు, ఉపాధ్యాయులు దాన్ని తెలుసుకోవాలని ఈ వ్యాసం రాస్తున్నాం.

1940లో జోడేఘాట్‌లో కుమ్రం భీం అమరుడయ్యాక, ఆదిలాబాద్ గోండుల స్థితిగతులు పరిశీలించే పనిని నిజాం సర్కారు మానవశాస్త్రవేత్త హైమన్‌డార్ఫ్‌కు అప్పగించింది. ఆయన, భార్య ఎలిజబెత్ ఇప్పటి జైనూర్ మండలంలోని మార్లవాయిలో మన పెద్దల మధ్య నివసించారు. అప్పుడు సర్కారు భాష ఉర్దూ. పట్టా కాగితం గానీ, జంగ్లాత్ వాళ్ల నోటీసు గానీ మనవాళ్లలో చాలామందికి చదవరాదు. భూములు చేజారడానికి అదీ ఒక కారణం. ఈ పరిస్థితిలో 1943లో మార్లవాయిలో గోండు ఉపాధ్యాయుల శిక్షణ కేంద్రం మొదలైంది.

అక్కడ చేసిన పని చాలా సూటిగా ఉంది. కాస్తో కూస్తో మరాఠీ చదవడం వచ్చిన గోండు యువకులను వెతికి శిక్షణ ఇచ్చారు. దేవనాగరి లిపిలో గోండీ వాచకాలు తయారుచేశారు. శిక్షణ పొందినవాళ్లు గూడేలకు వెళ్లి తమ భాషలో పాఠం చెప్పారు. అలాంటి సారుకు పిల్లవాడి మాట అర్థమవుతుంది, వాడి ఇల్లు తెలుసు, సగ తెలుసు. రాకపోతే సాయంత్రం ఇంటికి వెళ్లి అడగగలడు. ఆ బడుల్లో చదివినవారిలో కొందరు తర్వాత ఉపాధ్యాయులయ్యారు, చిన్న సర్కారు కొలువుల్లో చేరారు.

1948లో హైదరాబాద్ రాజ్యం భారతదేశంలో కలిసింది. 1956లో భాషా రాష్ట్రం ఏర్పడింది. ఆ మార్పుల్లో గోండీ వాచకం బడి నుంచి తప్పుకొని తెలుగు వచ్చింది. తెలుగు నేర్చుకోవడం మనకు అవసరమే. కానీ ఇంట్లో గోండీయో, కోలామీయో, కోయయో మాట్లాడే ఆరేళ్ల బిడ్డకు మొదటి రోజే తెలియని భాషలో పాఠం చెబితే ఏం అర్థమవుతుంది? ఒకటో తరగతిలో అర్థంకానిది మూడో తరగతికి కొండంత అవుతుంది. అప్పుడు వాడికి బడి కన్నా మేకల వెంట పోవడమే నయమనిపిస్తుంది. ఉమ్మడి రాష్ట్రంలో 2004 ప్రాంతంలో గోండీ, కోయ, కోలామీ, సవర, కువి, కొండ, ఆదివాసీ ఒరియా, బంజారా భాషల్లో వాచకాలు తెచ్చి ఈ లోటు తీర్చే ప్రయత్నం జరిగింది. ఆ ఊపు అన్నిచోట్లా నిలవలేదు.

రెండో కారణం కాలపట్టిక. బడి సెలవులు దసరాకు, సంక్రాంతికి వస్తాయి. మన దండారి దీపావళికి ముందు రోజుల్లో సాగుతుంది. కేస్లాపూర్ నాగోబా జాతర పుష్య అమావాస్యకు వస్తుంది. పత్తి ఏరే కాలంలో ఇంట్లో ప్రతి చేయీ కావాలి. దండారికి ఇంటికి వచ్చిన ఆశ్రమ పాఠశాల బిడ్డ వారం ఆలస్యమైతే, తిడతారనే భయంతో మరో వారం ఆగుతాడు. అలా ఏడాది గడిచిపోతుంది.

మూడో కారణం గురించి తక్కువగా మాట్లాడతారు. బడికి రానిది పిల్లలే కాదు. ఏజెన్సీ బడులకు ఉపాధ్యాయులు సరిగా రావడం లేదని ప్రభుత్వమే ఒప్పుకుంది. అందుకే 1986లో 275 నంబరు జీవో, అది కోర్టు చిక్కుల్లో పడ్డాక 2000 జనవరిలో 3 నంబరు జీవో తెచ్చి, షెడ్యూల్డ్ ప్రాంతాల ఉపాధ్యాయ పోస్టులన్నీ స్థానిక గిరిజనులకే కేటాయించారు. 2020 ఏప్రిల్ 22న సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం ఆ నూరు శాతం రిజర్వేషన్ చెల్లదని కొట్టివేసింది. అప్పటికే ఉన్న నియామకాలను షరతులతో కాపాడింది. ఇకమీదట మన భాష తెలిసిన సారే వస్తారన్న హామీ మాత్రం పోయింది.

అందుకే ఇప్పుడు బాధ్యత మనమీద పెరిగింది. బిడ్డ మూడు రోజులు రాకపోతే ఎవరో ఒకరు ఇంటికి వెళ్లాలి. ముందు కారణం అడగాలి, కోపం తర్వాత. చెల్లిని చూసుకోవడానికి ఆగిన ఆడపిల్లకు అంగన్‌వాడీ దారి చూపాలి. తిరిగి వచ్చిన రోజున శిక్ష ఉండకూడదు. 2009 విద్యాహక్కు చట్టం కొట్టడాన్ని నిషేధించింది, వీలైనంతవరకు మాతృభాషలో బోధించాలనీ చెప్పింది. దండారి, జాతర రోజులకు స్థానిక సెలవులు ఇవ్వాలని రాయి సెంటర్‌లో తీర్మానించి ఐటీడీఏకు రాసి ఇవ్వాలి. భాష రాని సారు వస్తే, చదువుకున్న యువత ఒకటో తరగతిలో ఆయన పక్కన కూర్చొని సాయపడాలి.

1943లో అక్షరం వచ్చిన కొద్దిమందితో మార్లవాయి మొదలైంది. ఈరోజు మన గూడేల్లో డిగ్రీ చదివినవాళ్లు, బీఎడ్ చేసినవాళ్లు ఉన్నారు. రేపు ఉదయం హాజరు పట్టీలో ఖాళీగా కనిపించే పేరు ఏ ఇంటి బిడ్డదో కనుక్కోవడంతో మన పని మొదలుపెడదాం.