మూడు నిమిషాల కసరత్తు: జపాన్ రేడియో తైసో చరిత్ర

జపాన్‌లో ప్రతి ఉదయం ఆరున్నరకు ఎన్‌హెచ్‌కే రేడియోలో పది నిమిషాల వ్యాయామ కార్యక్రమం వస్తుంది. పియానో మోగుతుంటే ఒక గొంతు లెక్క చెబుతుంది, వింటున్నవాళ్లు ఎక్కడ ఉంటే అక్కడే నిలబడి చేతులు పైకెత్తుతారు. ఇదే రేడియో తైసో. ఇందులో అందరికీ తెలిసిన మొదటి వరుసలో 13 కదలికలు ఉంటాయి. అన్నీ కలిపి మూడు నిమిషాల పైచిలుకులో అయిపోతాయి. పరికరాలతో పని లేదు, ప్రత్యేకమైన దుస్తులు అక్కర్లేదు, చాప పరచుకునేంత జాగా కూడా అవసరం లేదు. 1928లో పుట్టిన ఈ అలవాటు యుద్ధాన్ని, ఓటమిని, పరాయి సైన్యపు ఆక్రమణను దాటుకుని నిలిచింది. జనాన్ని అది అడిగింది చాలా కొంచెం కావడమే ఇంతకాలం నిలవడానికి మూలం.

జపాన్ బడుల్లోకి కసరత్తు అంతకు యాభై ఏళ్ల ముందే వచ్చింది. వ్యాయామ ఉపాధ్యాయులను తయారు చేయడానికి మెయిజీ ప్రభుత్వం 1878లో టోక్యోలో ఒక శిక్షణ సంస్థను నెలకొల్పి, జార్జ్ లేలండ్ అనే అమెరికన్ వైద్యుణ్ణి రప్పించింది. ఆయన నేర్పింది తేలికపాటి డంబెల్స్, కర్రలతో చేసే మెత్తని వ్యాయామం. తరువాతి దశాబ్దాల్లో స్వీడన్ పద్ధతి, దానితోపాటు సైనిక కవాతు బడుల్లో చోటు సంపాదించుకున్నాయి. ఇదంతా విద్యార్థులకే. బడి విడిచి మిల్లులోనో దుకాణంలోనో పనికి కుదిరినవాళ్లకు వ్యాయామం అందే దారి లేకపోయింది. పొద్దు పొడవకముందే లేచి, చీకటి పడ్డాక ఇల్లు చేరే మనిషికి వ్యాయామశాల ఎంత దగ్గరగా ఉన్నా దూరమే.

ఆ మనిషి ఆరోగ్యం గురించి మొదట లెక్కలు వేసుకున్నది తపాలా శాఖ. 1916లో ప్రభుత్వం పోస్టాఫీసుల ద్వారా చిన్న మొత్తాల జీవిత బీమా మొదలుపెట్టింది. వైద్య పరీక్ష లేకుండా, తక్కువ ప్రీమియంతో, కూలీలూ చిరుద్యోగులూ చేరగలిగేలా దాన్ని రూపొందించారు. వైద్య పరీక్ష లేదంటే పాలసీదారుల్లో ఎవరికి ఏ జబ్బుందో బీమా సంస్థకు తెలియదన్నమాట. 1921–25 నాటి జీవన పట్టికల ప్రకారం జపాన్‌లో సగటు ఆయుర్దాయం మగవాళ్లకు 42 ఏళ్లు, ఆడవాళ్లకు 43 ఏళ్లు. క్షయ పట్టణాల్లోనూ మిల్లు వసతిగృహాల్లోనూ పడుచువాళ్లను పొట్టన పెట్టుకుంటున్న కాలమది. పాలసీదారు పదేళ్లు ఎక్కువ బతికితే అతని కుటుంబానికీ మేలు, ఖజానాకూ మేలు. ఇక్కడ లాభచింత ప్రజాహితంతో కలిసి నడిచింది. ఈ చరిత్రలో ఆ సంగతిని తక్కువ చేసి చూడకూడదు.

దారి అమెరికాలో దొరికింది. న్యూయార్క్‌లోని మెట్రోపాలిటన్ లైఫ్ బీమా సంస్థ 1925లో తన భవన గోపురం నుంచి రోజూ ఉదయం రేడియోలో వ్యాయామ పాఠాలు ప్రసారం చేయించింది. ఆ దేశంలో పర్యటించిన జపాన్ తపాలా బీమా అధికారులు ఈ ఆలోచన గురించి విని, స్వదేశంలో నివేదించారు. జపాన్‌లోనూ రేడియో అప్పుడే కళ్లు తెరిచింది. టోక్యోలో తొలి ప్రసారం 1925 మార్చిలో జరిగింది. షోవా చక్రవర్తి పట్టాభిషేక ఉత్సవాల సందర్భంగా, తపాలా బీమా విభాగమూ విద్యాశాఖా రేడియో సంస్థా కలిసి పథకం సిద్ధం చేశాయి. 1928 నవంబర్ 1 ఉదయం ఏడింటికి టోక్యో కేంద్రం నుంచి ‘జాతీయ ఆరోగ్య వ్యాయామం’ మొదటిసారి వినిపించింది.

ఆ గొంతు ఎగి రిఇచీది. ఆయన అంతకుముందు సైనిక వాద్యబృందంలో పనిచేశాడు. తాళజ్ఞానం ఉన్న మనిషి కాబట్టి లెక్క తప్పేది కాదు, శ్రోతను విసిగించేదీ కాదు. మొదట్లో స్టూడియోలో బనియన్‌తోనే చేస్తూ చెప్పేవాడనీ, చక్రవర్తి కూడా ప్రసారం వింటూ చేస్తున్నారని తెలిశాక నిండుగా దుస్తులు వేసుకుని మైకు ముందు నిలబడేవాడనీ ఒక కథ ప్రచారంలో ఉంది. కంటికి కనిపించని కదలికను మాటతో నేర్పడం కష్టం. అందుకే బొమ్మలతో అచ్చువేసిన పత్రాలను ఊరూరా పంచారు. ఈ పనిలో తపాలా ఉద్యోగుల పాత్ర పెద్దది. ఉత్తరాలు తెచ్చే మనిషి గడప దాకా వస్తాడు, అందరికీ తెలిసినవాడు, పైగా బీమా కూడా ఆయన కార్యాలయానిదే. కొత్త అలవాటు కొత్తవాళ్ల నోట కాక తెలిసినవాళ్ల నోట వచ్చింది.

అయితే అప్పటికి రేడియో ఉన్న ఇళ్లు తక్కువ. ఈ లోటే అలవాటుకు అసలు బలమైంది. రేడియో ఉన్నచోటికి జనం చేరారు. 1930 వేసవిలో టోక్యో కాండా ప్రాంతంలోని సకుమాచోలో ఒక పోలీసు ఉద్యోగి బడి సెలవుల్లో ఉన్న పిల్లలను పొద్దున్నే పోగుచేసి ప్రసారానికి తగ్గట్టు కసరత్తు చేయించాడు. అక్కడి పార్కులో ఇప్పుడు దాని గుర్తుగా స్మారకం ఉంది. ఇలాంటి బృందాలు ఇతర పేటలకూ, ఊళ్లకూ పాకాయి. వేసవి సెలవుల్లో పిల్లలు తెల్లారగానే మైదానానికి వెళ్లడం జపాన్ బాల్యంలో భాగమైంది.

ఆ తరాల పిల్లల మెడలో తాడుకు ఒక అట్టముక్క వేలాడేది. వచ్చిన రోజు గడిలో పెద్దవాళ్లెవరో ముద్ర వేస్తారు. సెలవులు ముగిశాక పెన్సిళ్లో నోటు పుస్తకాలో చిన్న బహుమతిగా ఇస్తారు. ఒకరోజు నిద్ర లేవకపోతే ఆ గడి ఖాళీగా ఉంటుంది, అంతే. మర్నాడు వెళ్తే దాని పక్క గడిలో ముద్ర పడుతుంది. అట్టమీద మార్కులు లేవు, ఎవరు ఎంత వంగారన్న లెక్కా లేదు. నిద్రకళ్లతో సగం సగం చేసిన పిల్లవాడికీ అదే ముద్ర. చేసిన తీరును కాక వచ్చిన రోజును లెక్కించడం చాలా తెలివైన ఏర్పాటు. సంగీతం వినగానే తరువాతి కదలిక దానంతటదే వచ్చేంతగా ఈ వరుస జపాన్ పెద్దలకు కంఠతా ఉండటానికి కారణం ఆ వేసవులే.

యుద్ధకాలం ఈ తేలికదనాన్ని మింగేసింది. 1937లో చైనాతో యుద్ధం ముదిరాక ప్రభుత్వం రేడియో తైసోను జాతిని ఒక్క తాటిపై నడిపే సాధనంగా వాడుకుంది. 1932లోనే రెండో వరుస చేరి ఉంది, 1939లో మూడో వరుస కూడా చేరింది. మైదానాల్లో వేలమందిని బారులు తీర్చి, ఒకే క్షణంలో ఒకే కదలిక చేయించారు. జపాన్ పాలన కింద ఉన్న కొరియా, తైవాన్‌లలోనూ జనాన్ని సభలకు రప్పించారు. అంతకుముందు రానివాడు రాలేదంతే. ఇప్పుడు రానివాడి మీద అనుమానం. కదలికలు పెద్దగా మారకపోయినా వాటి అర్థం మారిపోయింది. ఒంటి మేలు కోసం పుట్టిన పనిని విధేయతకు కొలబద్దగా మార్చడం ఆ అలవాటుకు జరిగిన అన్యాయం.

ఓటమి తరువాత ఆక్రమణ అధికారుల కంటికి ఈ సామూహిక కసరత్తు నియంతృత్వపు అవశేషంలా కనిపించింది. 1946లో కొత్త కదలికలతో మళ్లీ మొదలుపెట్టారు. అవి నేర్చుకోవడానికి కష్టంగా ఉండి ఆదరణ పొందలేదు. 1947 ఆగస్టులో ప్రసారం ఆగిపోయింది. దాదాపు నాలుగేళ్లు గడిచాక, 1951 మే నెలలో ఇప్పటి మొదటి వరుస వినిపించడం మొదలైంది. ఈసారి ఆజ్ఞ లేదు, ఇష్టమైనవాళ్లు చేయవచ్చు.

ఈ వరుస కూర్పు మెచ్చదగింది. చేతులు పైకి సాచడంతో మొదలై, చేతులు ఊపుతూ మోకాళ్లు వంచడం, చేతులు గుండ్రంగా తిప్పడం, ఛాతీ విప్పడం, పక్కలకూ ముందుకూ వెనక్కూ వంగడం, నడుము మెలితిప్పడం, ఒళ్లంతా గుండ్రంగా తిప్పడం దాకా వెళ్లి, రెండు కాళ్లతో ఎగరడంతో గుండె వేగం పెరుగుతుంది. ఆపైన రెండో కదలికే పన్నెండోదిగా తిరిగి వచ్చి ఒంటిని నెమ్మదింపజేస్తుంది. గాఢంగా ఊపిరి తీయడంతో ముగుస్తుంది. సంగీతం హట్టోరి తదాషిది. 1952లో వచ్చిన ఇప్పటి రెండో వరుస ఉద్యోగాలు చేసే వయసువారికి ఉద్దేశించినది, కాస్త బరువైనది. దాని సంగీతం దాన్ ఇకుమాది.

ఆ తరువాతి ఆర్థిక ఎదుగుదల కాలంలో కర్మాగారాలూ నిర్మాణ స్థలాలూ షిఫ్టు ముందు కసరత్తును ఆనవాయితీ చేసుకున్నాయి. బరువులెత్తే ముందు నడుము, భుజాలు సడలించుకోవడం ప్రమాదాలకు అడ్డుకట్ట అని వాళ్ల నమ్మకం. 1980లలో సుజుకీతో కలిసి మొదలైన మారుతి గుర్‌గావ్ కర్మాగారంలో రోజు మొదట్లో కొద్ది నిమిషాల కసరత్తు పెట్టడం ఈ జపాన్ పద్ధతి ప్రభావమే. బ్రెజిల్‌కు వలసవెళ్లిన జపనీయులు సావో పాలోలోని లిబర్‌దాజి పేటలో ఈ ఉదయపు బృందాన్ని నిలుపుకున్నారు.

మూడు నిమిషాలతో కండలు పెరగవు, పరుగు తెచ్చే దమ్ము రాదు. కీళ్లు కదలడానికీ, రోజు కూర్చోవడంతో మొదలుకాకుండా ఉండటానికీ మాత్రం ఇది పనికొస్తుంది. పెద్దవయసువారు ఎక్కువైన సమాజంలో ఆ ప్రయోజనం చిన్నది కాదు. 1999లో ‘మిన్నా నో తైసో’ పేరుతో, వయసు మళ్లినవారూ వైకల్యం ఉన్నవారూ చేయగలిగే మరో వరుసను కూర్చారు. టీవీ ప్రసారంలో నిలబడి చేసేవారి పక్కన ఒకరు కుర్చీలో కూర్చుని అవే కదలికలు చూపిస్తారు. పిల్లల వేసవి బృందాలు మాత్రం తగ్గుతున్నాయి. పేటల్లో పిల్లలు తక్కువయ్యారు, నిర్వహించే పెద్దలకు తీరిక లేదు, పొద్దున్నే శబ్దమని ఇరుగుపొరుగు ఫిర్యాదు చేస్తున్నారు, ఎండలూ ముదిరాయి. సెలవులంతా సాగే ఏర్పాటును చాలాచోట్ల మొదటి వారానికో చివరి వారానికో కుదించారు. ప్రసారం మాత్రం ఆరున్నరకే సాగుతోంది.