దూకనని చెప్పిన విజేత



ఈ వారం మంచుదేశమైన నార్వే నుంచి ఒక మనిషి చరిత్ర మీ ముందుంచుతున్నాను. ఆయన పేరు బిర్గర్ రూడ్. స్కీ జంప్ అనే ఆటలో, 1930ల్లో, ఆయనకు సాటి వచ్చినవాళ్లు తక్కువ. ఈ ఆటను మన యువకులు సెల్‌ఫోనులో చూసే ఉంటారు, పెద్దవాళ్ల కోసం చెబుతాను. కాళ్లకు పొడవాటి పలకలు కట్టుకుని, మంచు పరచిన ఏటవాలు మీద నుంచి జారుకుంటూ వచ్చి, అంచు దగ్గర గాలిలోకి లేచి, ఎంతో దూరాన కింద వాలాలి. ఎంత దూరం దూకాడన్నది ఒక్కటే చూడరు. గాలిలో ఒళ్లు ఎలా నిలిపాడు, తడబడకుండా ఎలా వాలాడు అన్నదానికి కూడా మార్కులుంటాయి. పట్టుకోవడానికి చేతిలో ఏమీ ఉండదు.

రూడ్ 1911 ఆగస్టు 23న కోంగ్స్‌బెర్గ్‌లో పుట్టారు. 1623లో అక్కడ వెండి బయటపడింది, ఆ గనుల చుట్టూ ఊరు పెరిగింది. చలికాలమంతా మంచే గనుక పిల్లలకు స్కీ నడకతో పాటే వస్తుంది. అన్న సిగ్మండ్, తమ్ముడు ఆస్బ్యోర్న్ కూడా స్కీ జంప్‌లోనే. ఒకే తల్లి కడుపున పుట్టిన ఆ ముగ్గురూ వేర్వేరు సంవత్సరాల్లో ప్రపంచ విజేతలయ్యారు. నడుము దగ్గర ముందుకు వంగి, చేతులు ముందుకు చాచి ఎగిరే పద్ధతికి ఆ ఊరి పేరే పెట్టారు. ఆ పద్ధతిని తీర్చిదిద్దిన ఇద్దరిలో సిగ్మండ్ ఒకరు.

1932లో అమెరికాలోని లేక్ ప్లాసిడ్ ఒలింపిక్స్‌లో బిర్గర్‌కు బంగారు పతకం వచ్చింది. మొదటి దూకుడు తర్వాత ముందున్నది ఆయన కాదు, హాన్స్ బెక్. అతనిది కూడా కోంగ్స్‌బెర్గే. రెండో దూకుడులో బిర్గర్ అతన్ని దాటారు. 1934లో ప్లానిత్సాలో 92 మీటర్లు ఎగిరి ప్రపంచ రికార్డు పెట్టారు. ఆ రోజుల్లో హెల్మెట్ కూడా లేదు, ఉన్ని టోపీయే.

1936 ఒలింపిక్స్ జర్మనీలో, గార్మిష్-పార్టెన్‌కిర్చెన్‌లో జరిగాయి. ప్రారంభించింది హిట్లర్. బిర్గర్ అక్కడ స్కీ జంప్‌లో మళ్లీ బంగారం గెలిచారు. అంతకు ముందు ఇంకో పని చేశారు, అది నాకు భలే ఇష్టం. కొండ మీద నుంచి వేగంగా దిగే పందెంలో కూడా పాల్గొని, అందరికంటే 4.4 సెకన్ల ముందు కిందికి చేరారు. కాని ఆ ఏడు దిగుడు పందెానికి విడిగా పతకం లేదు. జెండాల మధ్య వంకరగా జారే స్లాలమ్‌ను కూడా కలిపి లెక్కకట్టారు. అందులో ఒక గేటు తప్పినందుకు 6 సెకన్లు కలిపారు. ఆయన నాలుగో స్థానంలో మిగిలారు.

1940 ఏప్రిల్ 9న జర్మనీ సైన్యం నార్వే మీద పడింది. కొద్ది నెలల్లోనే కొత్త పాలకులు క్రీడా సంఘాలన్నిటినీ తమ గుప్పిట్లోకి తీసుకోవాలని చూశారు. మైదానాల్లో పోటీలు జరుగుతుంటే, పేరున్న ఆటగాళ్లు కనబడుతుంటే, దేశంలో అంతా సవ్యంగానే ఉందని లోకానికి చూపించవచ్చు కదా! నార్వే ఆటగాళ్లకు ఆ సంగతి అర్థమైంది. వాళ్లు ఆడటం మానేశారు. ప్రభుత్వం పెట్టిన పోటీలకు ఆటగాళ్లూ రాలేదు, జనమూ రాలేదు. యుద్ధం ముగిసిన 1945 వరకు ఇదే తీరు. ఆడాలనిపించినవాళ్లు అడవుల్లో, అధికారుల కంట పడకుండా తమలో తాము పోటీలు పెట్టుకున్నారు.

ఇదే కాలంలో అక్కడి సంఘంలో జరిగింది మనలో కొందరికి తెలిసే ఉంటుంది. 1942లో బిషప్ ఐవిండ్ బెర్గ్రావ్, ఆయనతోపాటు మిగతా బిషప్పులు, ఆ ఈస్టరుకు పాదిరులలో అత్యధికులు ప్రభుత్వ పదవులు వదులుకున్నారు. కాపరి పని మాత్రం మానలేదు. ఉపాధ్యాయులు కూడా లొంగలేదు. ఆటగాళ్ల తిరస్కారం అంతకు ముందే, 1940లోనే మొదలైందని గుర్తుపెట్టుకోండి.

బిర్గర్ రూడ్ పేరు ఆ పాలకులకు ఎంత పనికొచ్చేదో ఊహించండి. జర్మనీ గడ్డ మీదే బంగారం గెలిచినవాడు! ఆయన మాత్రం వాళ్ల పోటీల్లో దూకనన్నారు, నాజీల మీద తన అభిప్రాయాన్ని దాచుకోనూ లేదు. 1943లో పట్టుకెళ్లి ఓస్లో దగ్గరి గ్రీని నిర్బంధ శిబిరంలో పెట్టారు. సుమారు ఏడాదిన్నర అక్కడే. 1944లో బయటికొచ్చాక ఇంట్లో కూర్చోలేదు, ప్రతిఘటన దళంలో చేరారు. బ్రిటిష్ విమానాలు మంచులో జారవిడిచిన ఆయుధ సామగ్రిని స్కీల మీద వెళ్లి వెతికి, దాచిపెట్టడం ఆయన పని.

లెక్క చూడండి. 1940, 1944 ఒలింపిక్స్ జరగనే లేదు. అప్పటికి ఆయన వయస్సు 28, 32. ఏ ఆటగాడికైనా పండు వయస్సు. ఆ సంవత్సరాలు తిరిగి ఎవరిస్తారు?

1948లో ఒలింపిక్స్ మళ్లీ స్విట్జర్లాండులోని సెయింట్ మోరిట్జ్‌కు వచ్చాయి. 20 ఏళ్ల క్రితం అన్న సిగ్మండ్ రజతం గెలిచిన కొండ అదే. బిర్గర్ ఈసారి వెళ్లింది శిక్షకుడిగా. పోటీకి ముందు రాత్రి వాతావరణం చెడింది. అలాంటి గాలిలో అనుభవం తక్కువైన కుర్రవాణ్ణి దించడం కంటే తానే దూకడం మేలనుకున్నారు. 36 ఏళ్ల వయస్సులో, శిబిరం నుంచి బయటపడిన నాలుగేళ్లకు, రజత పతకం అందుకున్నారు. బంగారం గెలిచిన పెట్టెర్ హుగ్‌స్టెడ్ ఆయనకంటే పదేళ్లు చిన్నవాడు. అతనిది కూడా కోంగ్స్‌బెర్గే.

రూడ్ 1998 జూన్ 13న, 86 ఏళ్ల వయస్సులో కన్నుమూశారు. ఆ ఊళ్లో వెండి తవ్వకం ఆగిపోయి అప్పటికే 40 ఏళ్లు. పిల్లలు మాత్రం ఇంకా ఆ కొండల మీద నుంచి దూకుతూనే ఉన్నారు.