సెయింట్ లూయీలో రెండు రోజులు, నీలి బట్ట వెంట

సెయింట్ లూయీ అనగానే చాలామంది అమెరికాలోని ఊరు అనుకుంటారు. నేను చెప్పబోయేది పశ్చిమాఫ్రికాలో, సెనెగల్ దేశంలో ఉన్నది. ఆ అమెరికా ఊరికంటే వందేళ్ళు పెద్దది. 1659లో ఫ్రెంచి వర్తకులు సెనెగల్ నది సముద్రంలో కలిసేచోట ఒక సన్నని లంక మీద కోట కట్టుకుని, తమ రాజు పేరు పెట్టుకున్నారు. అక్కడివాళ్ళు మాత్రం ఇప్పటికీ 'న్దార్' అనే అంటారు. లంక పొడవు రెండు కిలోమీటర్ల పైచిలుకు, వెడల్పు 400 మీటర్లు మించదు. ఒక పక్క నది, ఇంకో పక్క నది పాయ, ఆ పాయ అవతల నాలుకలా సాగిన ఇసుక దిబ్బ, దాని అవతల అట్లాంటిక్ సముద్రం. గోదావరి లంకలు చూసినవాళ్ళు కళ్ళు మూసుకుని ఊహించుకోవచ్చు.

మా చెల్లి కుటుంబం ఉద్యోగరీత్యా డకార్‌లో ఉంటోంది. "అక్కా, ఒక శని, ఆదివారాలు అక్కడికి వెళ్దామనుకుంటున్నాం. నువ్వు చరిత్ర పుస్తకాలు తిరగేస్తుంటావుగా, ఏం చూడాలో రాసి పెట్టు" అంది. దానికి రాసిందే కాస్త పెంచి ఇక్కడ పెడుతున్నాను. డకార్ నుంచి 260 కిలోమీటర్ల చిల్లర, కారులో నాలుగైదు గంటలు. నవంబరు నుంచి ఫిబ్రవరి దాకా ఎండ బాధ తక్కువ. మే నెలలో జాజ్ సంగీతోత్సవం జరుగుతుంది, అప్పుడు ఊరంతా జనం. తీరిగ్గా తిరగాలనుకునేవాళ్ళకి ఆ వారం పనికిరాదు.

ముందే ఒక మాట చెప్పాను, జాబితా వేసుకోవద్దని. పది చోట్లకి టిక్కులు పెట్టుకుంటూ పరిగెత్తితే పిల్లలు అలసిపోతారు, తల్లికి తలనొప్పి మిగులుతుంది. ఒక్క దారం పట్టుకుని తిరగమన్నాను. ఆ దారం నీలి బట్ట. అది మన తీరం నుంచి వెళ్ళింది.

పుదుచ్చేరిలో నేసి, నీలిమందులో బాగా ముదురు రంగు వచ్చేదాకా ముంచి తీసిన నూలు బట్టని ఫ్రెంచివాళ్ళు 'గినే' అనేవారు. ఇంగ్లీషు, డచ్చి కంపెనీలకి అది గినీ బట్ట. కోరమాండల్ తీరమంతటా, మన తెలుగు తీరంతో సహా, ఆ పేరుతో తానులకి తానులు కొనేవారు. 19వ శతాబ్దంలో పుదుచ్చేరి బట్ట ఓడెక్కి, ఫ్రాన్సులో బోర్డో రేవు చేరి, అక్కణ్ణించి సెయింట్ లూయీకి వచ్చేది. అక్కడ పడవల్లోకి మారి నదికి ఎగువన పోయేది. నదికి ఉత్తరాన ఎడారిలో తిరిగే మూర్ జాతివాళ్ళు ఆ బట్ట తీసుకుని, బదులుగా జిగురు ఇచ్చేవారు. ఏం జిగురు అనుకున్నారు? తుమ్మ జిగురే! చిన్నప్పుడు పుస్తకాలకి అట్టలు అంటించుకున్న మన తుమ్మ బంకకి అన్నదమ్ముల వరస. ఐరోపా అద్దకం మిల్లుల్లో రంగు చిక్కబడాలంటే అది కావాలి. మనవాళ్ళ అద్దకం బట్టని చూసి మొదలుపెట్టిన మిల్లులవి. వాటికి కావలసిన జిగురు తెచ్చుకోవడానికి మళ్ళీ మన నీలి బట్టే ఇవ్వాల్సివచ్చింది. నాకు ఈ కథ మొత్తంలో బాగా నచ్చిన మెలిక ఇదే.

ఆ నది పొడవునా బట్ట తానే డబ్బు. బేరాలన్నీ ఇన్ని తానులు, అన్ని తానులు అనే లెక్కలోనే జరిగేవి. ఫ్రాన్సులోని మిల్లులు అచ్చం అలాంటి బట్టే తయారు చేసి పంపితే, కొనేవాళ్ళు వాసన చూసి, చేత్తో నలిపి, ఇది అసలుది కాదని అవతల పెట్టేసేవారు. చీరల కొట్లో మనం చేసేదీ అదేగా. రంగు ఒంటికి అంటుకుంటే మనమైతే కొట్టువాడి మీదికి వెళ్తాం. వాళ్ళకి ఆ మరక, ఆ మెరుపు, ఆ వాసన మంచి సరుకుకి గుర్తు. పుదుచ్చేరిని ఏలిన ఫ్రెంచివాళ్ళే 1954 దాకా మన యానాన్నీ ఏలారు కదా. యానాంలో గోదావరి ఒడ్డున కూర్చునే వాళ్ళకి ఈ సెనెగల్ నది ఒడ్డు ఒకనాటి ఒకే దొరల కింద ఉన్న ఇంకో ఊరన్నమాట.

ఇప్పుడు చెల్లి శనివారం సంగతి. లంకలోకి వెళ్ళాలంటే ఫైదెర్బ్ వంతెన దాటాలి. 1897 నాటి ఇనుప వంతెన, అర కిలోమీటరు పొడవు. దీన్ని ఐరోపాలో డాన్యూబ్ నది కోసం తయారు చేశారనీ, పొరపాటున ఇక్కడికి వచ్చిపడిందనీ గైడ్లు చెప్తారు. వినడానికి బాగుంటుంది కానీ నిజం కాదు. వంతెన దిగగానే ఉన్న చౌకు కూడా అదే ఫైదెర్బ్ అనే గవర్నరు పేరు మీద ఉండేది. అతని విగ్రహం 2017లో గాలివానకి పడిపోయింది, మళ్ళీ నిలబెట్టారు, 2020లో తీసేశారు. చౌకు పేరు కూడా బాయా న్దార్ అని మార్చారు. మా మరిదికి విమానాల పిచ్చి ఉంది కాబట్టి, 1930లో మెర్మోజ్ అనే పైలట్ ఇక్కణ్ణించే అట్లాంటిక్ దాటి బ్రెజిల్‌కి టపా తీసుకెళ్ళాడని ఒక ముక్క రాశాను. ఆయనకి ఆ మాత్రం చాలు.

అసలు చూడాల్సింది ఇళ్ళు. లంక మొత్తాన్ని యునెస్కో 2000లో ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది. గుర్రబ్బండి కట్టించుకుని ఒక గంట నెమ్మదిగా తిరిగితే పిల్లలకీ సరదా. పసుపు, గేరు రంగు సున్నం వేసిన గోడలు, పైన చెక్క బాల్కనీలు, లోపల మన మండువా ఇళ్ళలాగా నడిమి వాకిలి. ఈ ఇళ్ళలో చాలావాటికి ఒకప్పుడు యజమానురాళ్ళు ఆడవాళ్ళు. వాళ్ళని 'సిన్యార్' అనేవారు, పోర్చుగీసు భాషలో దొరసాని అనే మాట నుంచి వచ్చింది. కంపెనీ ఉద్యోగం మీద వచ్చిన ఫ్రెంచివాడు ఉన్నన్నాళ్ళు ఆ దేశాచారం ప్రకారం ఒక స్థానిక స్త్రీని పెళ్ళి చేసుకునేవాడు. అతను ఫ్రాన్సు తిరిగి వెళ్ళిపోతే ఆ పెళ్ళి అక్కడితో ముగిసేది. పిల్లలకి తండ్రి పేరు మిగిలేది, తల్లికి ఇల్లు మిగిలేది. అలా మిగిలినదాన్ని పెట్టుబడిగా పెట్టి పడవలు కొన్నారు, వ్యాపారం చేశారు, బంగారం కూడబెట్టారు. మద్రాసు రుమాళ్ళని తల మీద శంఖంలా ఎత్తుగా చుట్టుకునేవారు. దావిద్ బొయిలా అని, సిన్యార్ కుటుంబంలోనే పుట్టి ప్రీస్టు అయినాయన 1853లో వేసిన పుస్తకంలో ఒక సిన్యార్ బొమ్మ కూడా ఉంది. రుమాళ్ళ మాట వచ్చింది కాబట్టి చెప్తున్నాను, 20వ శతాబ్దంలో మన చీరాల చుట్టుపక్కల మగ్గాల మీద నేసిన మద్రాసు రుమాళ్ళు ఇలాగే పశ్చిమాఫ్రికాకి, ముఖ్యంగా నైజీరియాకి వెళ్ళేవి.

ఇక్కడిదాకా చదివి, "అబ్బ, ఎంత తెలివైన ఆడవాళ్ళో" అనిపిస్తుంది. నాకూ అనిపించింది. పర్యాటకులకి చూపించేదీ ఇంతే. కానీ అదే ఇంటి కింది అంతస్తు సంగతి కూడా పిల్లలకి చెప్పమన్నాను. పైన యజమానురాలి గదులు, కింద సరుకు కొట్లు, వాటి పక్కనే బానిసల గదులు. 18వ శతాబ్దం చివరికి ఆ ఊరి జనాభాలో సగానికి పైగా బానిసలే. వాళ్ళ సొంతదార్లలో సిన్యార్లది ముందు వరస. పడవ లాగేది బానిసలు, గోడ కట్టేది బానిసలు, బట్టలుతికేది బానిసలు. ఆడ బానిసలకి అన్నిటికంటే పెద్ద పని జొన్నలు, సజ్జలు దంచడం. తెల్లవారకముందే రోకలి పట్టుకుంటే ఇంటిల్లిపాదికీ సరిపడా పిండి అయ్యేదాకా దించేది లేదు. నది మీద జిగురు కోసం వెళ్ళే పడవల్లో కూడా దంచి వండిపెట్టడానికి ఆడవాళ్ళని తీసుకెళ్ళేవారు. ఆ జిగురు కోసం తుమ్మ చెట్లకి గాట్లు పెట్టి ఏరింది కూడా ఎక్కువగా ఎడారి దొరల కింద ఉన్న బానిసలే. ఇదికాక, ఈ రేవు నుంచి ఓడలెక్కించి అట్లాంటిక్ అవతలికి అమ్మేసిన మనుషులు వేరు. 1848లో ఫ్రెంచి ప్రభుత్వం బానిసత్వాన్ని రద్దు చేసింది. అప్పుడు నష్టపరిహారం ఇచ్చారు. బానిసలకి కాదు, బానిసలని పోగొట్టుకున్న యజమానులకి.

మన నేతగాళ్ళు ఎంత చక్కగా నేసినా, ఆ బట్ట అక్కడ దిగాక ఏ చేతుల్లోంచి ఏ చేతుల్లోకి వెళ్ళిందో తెలిశాక నాకు ఆ నీలం రంగు ముందులా కనిపించడంలేదు. అలాగని చెల్లిని వెళ్ళొద్దని అనలేదు. మేనకోడలికి పన్నెండేళ్ళు, అడిగితే అర్థమయ్యే వయసే. ఆ బాల్కనీ కింద నిలబెట్టి పై అంతస్తునీ కింది అంతస్తునీ రెండింటినీ చూపించమన్నాను.

శనివారం సాయంత్రం ఎండ తగ్గాక నది ఒడ్డున నడక. అసర్ నమాజు వేళని అక్కడ 'తకుసాన్' అంటారు. ఆ వేళకి ముస్తాబై నలుగురూ కనపడేలా షికారు తిరగడం ఆ ఊరి పాత అలవాటు, 'తకుసాను న్దార్' అంటారు. ఉత్సవాలప్పుడు ఆడవాళ్ళు సిన్యార్ల వేషంలో, ఆ ఎత్తయిన తలపాగాలతో ఇలాగే నడుస్తారు. డిసెంబరు చివర్లో వెళ్తే 'ఫనాల్' ఊరేగింపు చూడొచ్చు, కాగితంతో కట్టిన పెద్ద పెద్ద దీపాల మేడలు. ఒకప్పుడు క్రిస్మస్ అర్ధరాత్రి చర్చికి వెళ్ళే సిన్యార్ల ముందు దీపాలు పట్టుకుని నడిచినవాళ్ళ నుంచి మొదలైంది ఆ పండగ.

ఆదివారం పొద్దున్న రెండే చోట్లు. లంకకి దక్షిణపు కొసన ఉన్న మ్యూజియం ఒకటి, 2017లో పాత ఇళ్ళని బాగుచేసి తెరిచిన ఫొటోగ్రఫీ మ్యూజియం రెండోది. ఒక్కటే కుదిరితే రెండోదానికే వెళ్ళమన్నాను. నగలు పెట్టుకుని, కుర్చీలో నిటారుగా కూర్చుని, కెమెరా వంక సూటిగా చూసే పాతకాలపు ఆడవాళ్ళ ఫొటోల ముందు గంట గడిచినా తెలియదు. ఎగువన 60 కిలోమీటర్ల దూరంలో జూజ్ పక్షుల అభయారణ్యం ఉంది, కానీ రెండు రోజుల్లో అది కూడా ఇరికిస్తే మళ్ళీ పరుగే. వద్దన్నాను.

మధ్యాహ్నం చెబు జెన్ తినకుండా రాకూడదు. చేప, అన్నం కలిపి వండేది. పెండా ంబాయ్ అనే వంటావిడ పేరు మీద ఇది ఈ ఊరి వంటే అంటారు. 2021లో యునెస్కో దీన్ని కూడా వారసత్వ జాబితాకి ఎక్కించింది. చేపకి గాట్లు పెట్టి పార్స్లీ ఆకు, వెల్లుల్లి, మిరపకాయ నూరిన ముద్ద కూరతారు. టమాటా పులుసులో దాన్నీ, కర్రపెండలం, క్యారెట్, వంకాయ, క్యాబేజీలనీ ఉడికించి తీసి, ఆ పులుసులోనే బియ్యం పోసి వండుతారు. ఆ బియ్యం మామూలు బియ్యం కాదు, నూకలు. ఫ్రెంచివాళ్ళు సెనెగల్ రైతులచేత వేరుశనగ వేయించి, తిండికి తమ ఇండోచైనా నుంచి చవగ్గా నూకలు దింపారు. మన ఇళ్ళల్లో నూకలంటే చిన్నచూపు. అక్కడ ఈ వంటకి నూకలే కావాలంటారు. అందరూ ఒకే పెద్ద పళ్ళెం చుట్టూ కూర్చుని, ఎవరి వైపుది వాళ్ళు తింటారు. గిన్నె అడుగున కరకరలాడే మాడుని గీకి అందరికీ పంచుతారు. దాని కోసం పోటీ పడతారట, మా ఇంట్లో పులిహోర అడుగు కోసం పడ్డట్టే.

తిన్నాక, బయల్దేరే ముందు, చిన్న వంతెన దాటి ఇసుక దిబ్బ మీదున్న గెట్ న్దార్‌కి వెళ్ళిరమ్మన్నాను. బెస్తల పేట. రంగురంగుల పొడుగాటి పడవలు మధ్యాహ్నం దాటాక ఒడ్డుకి వస్తాయి. సముద్రం మీదికి వెళ్ళేది మగవాళ్ళు. చేప ఒడ్డుకి వచ్చాక కొనడం, ఉప్పు పట్టించడం, ఎండబెట్టడం, అమ్మడం చాలామటుకు ఆడవాళ్ళ చేతిలో పని. ఆ పేట ఇప్పుడు కరిగిపోతోంది. 2003లో ఊరిని వరద ముంచుతుందని ఆ ఇసుక దిబ్బకి నాలుగు మీటర్ల వెడల్పున గండి కొట్టారు. సముద్రం దాన్ని కిలోమీటర్ల మేర కోసేసింది. దూన్ బాబా జేయ్ అనే పల్లె మునిగిపోయింది. 2017, 2018లలో అలలు గెట్ న్దార్ ఒడ్డున ఇళ్ళని కూల్చాయి. ఇళ్ళు పోయినవాళ్ళని సముద్రానికి దూరంగా జుగోప్ అనేచోటికి తరలించారు. ఇల్లు అక్కడ ఇచ్చినా, చేప దిగేది ఇక్కడేగా. పొద్దున్నే పిల్లలకి వండిపెట్టి ఈ ఒడ్డుకి వచ్చి, మళ్ళీ రాత్రికి తిరిగి వెళ్ళడమంటే ఆ ఆడవాళ్ళకి రోజూ ఎంత ప్రయాణమో, దానికి ఎంత ఖర్చో మనకి ఎవరూ చెప్పక్కర్లేదు.

అక్కడ ఫొటోలు తీయాలంటే ముందు అడగమన్నాను. వాళ్ళు పనిలో ఉంటారు, దారికి అడ్డంగా నిలబడొద్దనీ చెప్పాను. ఎండు చేపలు కొనాలనిపిస్తే కొనుక్కోవచ్చు, కానీ మూత గట్టిగా ఉన్న డబ్బా ఒకటి ఇంటి నుంచే తీసుకెళ్ళాలి. డకార్ దాకా కారులో అయిదు గంటల దారి.