చింతమొద్దు నుంచి కొరియా గిన్నె దాకా

తెలంగాణలో తాండూరు దగ్గరి బషీరాబాద్‌లో మాంసం అంగడి ముందు నిలబడి అర కిలో ఖీమా అడిగితే, మాంసం కంటే ముందు చప్పుడు చేరుతుంది. మొద్దు మీద రెండు కత్తులు ఒకదాని వెంట ఒకటి పడుతుంటాయి. మొద్దుకు చింతకట్టెనే ఎంచుకుంటారు. అది గట్టిది, ఎన్ని దెబ్బలు పడ్డా పొట్టు రేగి మాంసంలో కలవదు. పక్కనే మిషన్ ఉన్నా, రుచి తెలిసినవాళ్ళు మాత్రం "మిషన్ల ఎయ్యకు భాయ్, చేత్తోనే కొట్టు" అంటారు. ఆ మాటలో నిజముంది. మిషన్ మాంసాన్ని నలిపి, కొవ్వును పూసి, ముద్దగా వదులుతుంది. పెనం మీద పడగానే ఆ ముద్ద నీరు వదిలి ఉడుకుతుందే గాని వేగదు. చేత్తో కొట్టిన ఖీమా పలుకు పలుకుగా విడివిడిగా ఉండి ఎర్రగా వేగుతుంది.

ఆ అర కిలో ఖీమాతో పావుగంటలో అయ్యే వంట ఒకటి కొన్నేళ్ళుగా ఇళ్ళలోకి వస్తోంది. ఖీమాను మంట మీద వేయించి, వెల్లుల్లి, అల్లం, సోయా సాస్, కాస్త బెల్లమో చక్కెరో, ఎండుమిర్చి పొడి వేసి, దించాక నువ్వుల నూనె చుక్కలు వేసి, వేడి అన్నం మీద వడ్డిస్తారు. పైన ఉల్లికాడలు, వేయించిన నువ్వులు. దీన్ని కొరియా ఖీమా అంటున్నారు. పేరు కొరియాదే అయినా ఈ వంట ఈ రూపంలో కుదురుకున్నది అమెరికా వంటిళ్ళలో. అందులో పడే దినుసులకు మాత్రం ఒక్కొక్కదానికి ఒక్కో ఊరు, ఒక్కో శతాబ్దం ఉన్నాయి.

ముందు ఖీమా అనే మాట సంగతి. తుర్కీ భాషలో సన్నగా తరగడానికి ఉన్న క్రియ నుంచి "కియ్మా" పుట్టింది. అది పారసీ, ఉర్దూల మీదుగా దక్కనుకు వచ్చి తెలంగాణలో ఖీమాగా, కోస్తాలో కైమాగా స్థిరపడింది. కోపంలో "కైమా కొట్టేస్తా" అనేంతగా అది తెలుగు మాట అయిపోయింది. 16వ శతాబ్దం చివర అబుల్ ఫజల్ రాసిన ఐనీ అక్బరీలో అక్బర్ పాదుషా వంటశాల వంటకాల పట్టిక ఉంది. అందులో ఖీమా పలావ్, ఖీమా షోర్బా రెండూ కనిపిస్తాయి.

మాట తుర్కుల వెంట వచ్చింది గాని పని అంతకు ముందే ఇక్కడ ఉంది. కళ్యాణి చాళుక్య రాజు మూడో సోమేశ్వరుడు 12వ శతాబ్దంలో సంస్కృతంలో రాయించిన మానసోల్లాసంలో అన్నభోగం అనే భాగముంది. మాంసాన్ని సన్నగా కొట్టి, మసాలా దట్టించి వండే పద్ధతులు అందులో ఉన్నాయి. ఆ రాజధాని నేటి బసవకల్యాణ్, బీదర్ జిల్లాలో ఉంది. బషీరాబాద్ వాళ్ళకు అది పరాయి సీమ కాదు. ఇళ్ళలో తెలుగు, ఉర్దూ, కన్నడం కలగలిసిన నేల ఇది. తాండూరు, కొడంగల్ తాలూకాలు 1956 దాకా గుల్బర్గా జిల్లావే. తాండూరు పక్కన పారే కాగ్నా నది రాష్ట్రకూటుల పాత రాజధాని మల్ఖేడ్‌ను తాకి భీమలో కలుస్తుంది. వంటలకు జిల్లా సరిహద్దులు ఎప్పుడూ అడ్డు కాలేదు.

ఇంతకీ మాంసాన్ని కొట్టడం ఎందుకు? పని చేసిన కండ గట్టిది. నాగలి లాగిన ఎద్దు మెడ, భుజం, నడిచి నడిచి ఆరిన పిక్క, వీటి పోగులు పొడవుగా, బిగువుగా ఉంటాయి. మెత్తబడాలంటే గంటల తరబడి ఉడకాలి, అంటే కట్టెలు కావాలి. కత్తితో ఆ పోగులను ముందే తునకలు చేస్తే పొయ్యి చేయాల్సిన పనిలో సగం మొద్దు మీదే అయిపోతుంది. పావుగంట వంట అని ఇప్పుడు గొప్పగా చెప్పుకుంటున్నది నిజానికి చెయ్యి ముందే పడిన శ్రమ. నవాబుల ఇళ్ళలో ఆ శ్రమకు నౌకర్లుండేవారు కనుక పుట్టినవే షికంపూర్ కబాబు, చతురస్రంగా మడిచిన లుఖ్మీ, పొద్దుటి ఫలహారానికి ఖిచిడీ, ఖీమా, ఖట్టా. లుఖ్మీ అన్నా ముద్ద, కబళం అనే అర్థమున్న మాట నుంచి వచ్చిందే.

చేతి పనిని మరకు అప్పగించింది జర్మనీ. తిప్పుడు పిడి ఉన్న మాంసం మిషన్‌ను 19వ శతాబ్దంలో తయారుచేసిన వాడిగా కార్ల్ ఫాన్ డ్రైస్ పేరు చెబుతారు.

బషీరాబాద్ వైపు మాంసానికి రెండు పేర్లున్నాయి: చిన్నకూర, పెద్దకూర. దక్కనీ ఉర్దూలో ఛోటేకా, బడేకా. చిన్నకూర అంటే మేక, గొర్రె. పెద్దకూర అంటే పశువు మాంసం, ఈ రోజుల్లో ఎక్కువగా గేదె, దున్న. 1977 నాటి చట్టం ప్రకారం ఆవును, ఆవు దూడను కోయకూడదు. మిగతా పశువు విషయంలో అది పాలకు గాని, దుక్కికి గాని, ఈతకు గాని ఇక గిట్టుబాటు కాదని అధికారి రాసివ్వాలి. తెలంగాణలో ఇప్పటికీ అమలులో ఉన్నది ఆ చట్టమే. అమెరికా పుస్తకాల్లో గ్రౌండ్ బీఫ్ అని ఉన్న చోట ఇక్కడి గిన్నెలో పడేది గేదె ఖీమా, లేదా మేక ఖీమా.

పెద్దకూరను ఇక్కడ రుచి గానే కాదు, అవమానం గానూ మోశారు. దళితవాడల్లో మాంసాన్ని పొడవుగా కోసి, ఉప్పు, పసుపు రాసి, ఎండబెట్టి దాచుకునేవారు. పని దొరకని రోజుల్లో చారులో ఆ తునకలు పడేవి. ఊరు ముక్కు మూసుకున్న ఆ తిండి వెనక ఎంత నైపుణ్యముందో తెలుగులో ఆలస్యంగా రాతకెక్కింది. తాండూరు పక్కన పెద్దేముల్‌లో పుట్టిన గోగు శ్యామల ఈ సీమ మాదిగ వాడల బతుకును, ఈ యాసలోనే కథలుగా చెప్పారు. "ఏనుగంత తండ్రికన్నా ఏకుల బుట్టంత తల్లి నయం" ఆమె కథల పుస్తకం. 2012 ఏప్రిల్‌లో ఉస్మానియా విశ్వవిద్యాలయంలో విద్యార్థులు బీఫ్ పండుగ జరిపినప్పుడు గొడవలు లేచాయి. ఏం తినాలో ఎవరు చెప్పాలన్నదే అక్కడి ప్రశ్న.

కొరియా చరిత్ర తెలియనివాళ్ళకు ఆశ్చర్యం కలిగించేది ఇక్కడే. మన చట్టం అడిగే ప్రశ్ననే, పశువు ఇంకా పనికొస్తుందా అన్నదాన్నే, అక్కడి రాజులూ అడిగారు. చోసన్ వంశపు రాజులు ఎద్దు వధను నిషేధిస్తూ మళ్ళీ మళ్ళీ ఆజ్ఞలిచ్చారు. ఎద్దు దున్నాలి కనుక. అయినా పెద్దింటి భోజనంలో పశువు మాంసం మానలేదు. అంతకు ముందు బౌద్ధం బలంగా ఉన్న గొర్యో వంశం కాలంలో మాంసం తగ్గింది. 13వ శతాబ్దంలో మంగోలులు దండెత్తి వచ్చాక మళ్ళీ పెరిగింది. మాంసాన్ని పలచగా కోసి, సోయా సాస్‌లో నానబెట్టి, నిప్పుల మీద కాల్చే వంటను రాజభవనంలో నొబియాని అన్నారు. జనం నోట అదే బుల్గోగి. బుల్ అంటే నిప్పు, గోగి అంటే మాంసం.

మరి ఆ పశువును కోసినవాళ్ళు? బెక్‌జొంగ్ అనే కులం. ఊరికి దూరంగా ఇళ్ళు, పెళ్ళికీ చావుకీ వేరే నియమాలు, అందరి ముందూ తల వంచాల్సిన బతుకు. 1894 సంస్కరణలతో కాగితం మీద ఆ అంతరం పోయింది, వీధిలో పోలేదు. 1923 ఏప్రిల్‌లో జింజు పట్టణంలో వాళ్ళు హ్యొంగ్‌ప్యొంగ్ అనే సంఘం పెట్టుకున్నారు. హ్యొంగ్ అంటే త్రాసు, ప్యొంగ్ అంటే సమం. మాంసం తూచే త్రాసునే సమానత్వానికి గుర్తు చేసుకున్నారు. గోగు శ్యామల కథలు చదివినవాళ్ళకు ఆ పేరు విడమరచి చెప్పక్కర్లేదు. అన్నం గిన్నెలో ఖీమా వడ్డించేటప్పుడు గుర్తుండాల్సిన చరిత్ర ఇదే.

కొరియా వంటలో ఎరుపు మాత్రం ఆలస్యంగా వచ్చింది, మన వంటలో లాగే. మిరప పుట్టిల్లు అమెరికా ఖండాలు. 16వ శతాబ్దంలో పోర్చుగీసు ఓడలు దాన్ని మన తీరానికి తెచ్చాయి. దాదాపు ఆ శతాబ్దం చివరలోనే, జపాను దండయాత్రల రోజుల్లో, అది కొరియా చేరిందని ఎక్కువ మంది చెప్పే కథ. అంతకు ముందు ఇక్కడా అక్కడా కారానికి మిరియాల్లాంటి దినుసులే దిక్కు. అక్కడివాళ్ళు మిరపను పులియబెట్టిన సోయా పొడిలో, జిగురుబియ్యం, మొలకెత్తిన బార్లీ పిండితో కలిపి జాడీలకెక్కించారు. అదే గోచుజాంగ్. దాంట్లో ఖీమా వేయించి, తేనె కలిపి, అన్నంలోకి దాచుకునే యాక్ గోచుజాంగ్ అక్కడి పాత వంటల్లో ఒకటి. నేటి పావుగంట ఖీమాకు కొరియాలో దగ్గరి చుట్టం అదే.

నువ్వు మన గడ్డదే. హరప్పా తవ్వకాల్లో మాడిన నువ్వు గింజలు దొరికాయి. బతుకమ్మ సద్దుల్లో నువ్వులుంటాయి, సంక్రాంతికి నువ్వులుంటాయి, నూనె అంటే మొదట మంచినూనె. తేడా ఒక్కటే: మనం పచ్చి నువ్వులను గానుగ ఆడిస్తాం, కొరియావాళ్ళు ముందు వేయించి అప్పుడు ఆడిస్తారు. అందుకే వాళ్ళ నూనె ముదురు రంగుతో, ఘాటైన వాసనతో ఉంటుంది. దాన్ని పొయ్యి దించాకే వేయాలి. కాగితే వాసన పోతుంది.

నిజంగా కొత్తదేదైనా ఉంటే సోయా సాస్ ఒక్కటే. ఉడికించిన సోయా గింజలకు వేయించిన గోధుమ కలిపి, బూజు పట్టించి, ఉప్పునీళ్ళలో నెలల తరబడి మాగబెడితే అది వస్తుంది. కొరియాలో పాత పద్ధతి సోయాను ఇటుకల్లా చేసి, గడ్డితాడుతో కట్టి వేలాడదీయడం. మన దగ్గరికి అది తూర్పు దిక్కు నుంచి, కలకత్తాలో స్థిరపడ్డ చైనీయుల వంటిళ్ళ నుంచి వచ్చింది. 1975లో ముంబైలో నెల్సన్ వాంగ్ చేశాడని చెప్పుకునే మంచూరియా దాన్ని దేశమంతా తిప్పింది. ఇవాళ తాండూరులో నూడుల్స్ బండి మీద ఆ సీసా ఉందంటే ఆ ప్రయాణం వల్లే.

ఇక ఇవన్నీ ఒక గిన్నెలో కలిసిన చోటు. 1965లో అమెరికా వలస చట్టం మారింది. ఆ తలుపు గుండానే కొరియావాళ్ళూ తెలుగువాళ్ళూ పెద్ద సంఖ్యలో వెళ్ళారు. 1973లో జపాను కంపెనీ కిక్కోమన్ విస్కాన్సిన్ రాష్ట్రంలో సోయా సాస్ కర్మాగారం తెరిచింది. అమెరికా బజారులో ఎక్కడైనా చవకగా దొరికేది మరపట్టిన మాంసమే. బుల్గోగికి కావలసినట్టు పలచగా కోసిన మాంసం అన్ని చోట్లా దొరకదు, కోసే తీరికా లేదు. పనికి వెళ్ళొచ్చిన ఇల్లాలో ఇంటాయనో బుల్గోగి రుచిని ఖీమాలోకి దించేశారు. బుల్గోగికి కొరియా బేరిపండు రసంలో నానబెట్టడం ఉంది. మన కబాబుకు పచ్చిబొప్పాయి ఎలాగో అది అలాగ, పోగును కరిగిస్తుంది. ఖీమాకు ఆ నానబెట్టడమే అక్కర్లేదు. కత్తి ఆ పని చేసేసింది.

కొరియా నేరుగా తెలుగు నేలకు కూడా వచ్చింది. పెనుకొండ దగ్గర కియా కార్ల కర్మాగారం నుంచి 2019 ఆగస్టులో మొదటి కారు బయటికి వచ్చింది. ఆ ఉద్యోగుల కోసం అనంతపురం సీమలో కొరియా భోజనశాలలు వెలిశాయి. 2021లో స్క్విడ్ గేమ్ అనే కొరియా సీరియల్ ఇళ్ళలోకి వచ్చాక గోచుజాంగ్ పేరు పిల్లల నోళ్ళలో నానింది.

బషీరాబాద్ వంటింట్లో ఇదంతా ఎలా కుదురుతుంది? గేదె ఖీమాలో కొవ్వు తక్కువ కనుక పెనంలో రెండు చెంచాల నూనె ముందే వేడెక్కాలి. మంట పెద్దది, మూత వద్దు. ఖీమాను పరిచి, కదపకుండా రెండు నిమిషాలు వదిలితే అడుగు ఎర్రబడుతుంది. అసలు రుచి అక్కడే పుడుతుంది. తర్వాత విడదీస్తూ తిప్పి, గులాబీ రంగు ఎక్కడా మిగలకుండా వేయించాలి. ముక్క మాంసంలో క్రిములు పైపైనే ఉంటాయి, కొట్టిన మాంసంలో లోపలికీ కలిసిపోతాయి. అందుకే 71 డిగ్రీల సెల్సియస్ దాకా వేడెక్కాలని అమెరికా ఆహార భద్రత నియమం. ఆ పైన వెల్లుల్లి, అల్లం, పావు కప్పు సోయా సాస్, రెండు చెంచాల బెల్లం పొడి. వేరే ఉప్పు వేయకూడదు, సాస్‌లో ఉన్నదే ఎక్కువ. గోచుజాంగ్ దొరక్కపోతే పక్క రాష్ట్రపు బ్యాడిగి మిర్చి మేలు. రంగు నిండుగా, కారం తక్కువగా ఉండటంలో అది కొరియా మిరపకు దగ్గర. వేయించి ఆడించిన నూనె లేకపోతే నువ్వులనే దోరగా వేయించి, రోట్లో కచ్చాపచ్చాగా దంచి చల్లితే సరిపోతుంది.

అన్నమే కావాలని లేదు. ఈ వైపు రాత్రి పూట పెనం మీద జొన్నరొట్టె పొంగుతుంది. ఆ తీపి కారానికి రొట్టె చప్పదనం అన్నం కంటే బాగా అతుకుతుంది. మిగిలిన ఖీమా మర్నాటికి ఇంకాస్త బిగుసుకుంటుంది. పొద్దున దాన్ని మైదా చతురస్రాల్లో మడిచి నూనెలో వేస్తే లుఖ్మీ.