శత్రువు శవం కోలారు చేరిన రోజు



పోయిన వారం మన ఊళ్లో ఒక వడ్డీ వ్యాపారి చనిపోయాడు. పేరు రాయం. 2001 ఫిబ్రవరి 28న గనులు మూతపడ్డాక మనలో చాలామందిమి ఆయన గుమ్మం ఎక్కినవాళ్లమే. గని నుంచి చేతికొచ్చిన డబ్బంతా ఆయన వడ్డీకే పోగొట్టుకున్న కుటుంబాలు మన సంఘంలో ఉన్నాయి. చావు కబురు మన గ్రూపులో పడగానే కొందరు దండం బొమ్మ పెట్టారు, కొందరు నవ్వే బొమ్మ పెట్టారు. ఒక తమ్ముడు "దేవుడు ఉన్నాడు" అని రాశాడు. చావుకి వెళ్లాలా వద్దా అని కమిటీలో మాట్లాడుకున్నాం, మాట కలవలేదు. చివరికి ఎవరమూ వెళ్లలేదు. అప్పటినుంచి ఆ విషయం మా మనసులో కలుక్కుమంటూనే ఉంది. అందుకే ఈ పోస్టు.

ఈ ప్రశ్న మన నేలకి కొత్త కాదు. హైదర్ అలీ పుట్టింది మన పక్కనే, బూదికోటలో. చనిపోయింది 1782 డిసెంబరు 7న, చిత్తూరు దగ్గర దండు విడిదిలో, రాచపుండుతో. ఇంగ్లీషు కంపెనీతో యుద్ధం జరుగుతున్న సమయం. కొడుకు టిప్పు మలబారులో ఉన్నాడు. సైన్యం చెదిరిపోకూడదని పూర్ణయ్య, కృష్ణారావు చావు సంగతి దాచిపెట్టారు. శవాన్ని సుగంధ ద్రవ్యాలు నింపిన పెట్టెలో పెట్టి, ఖజానా తరలిస్తున్నట్టు కాపలాతో కోలారు చేర్చారు. తండ్రి ఫతే మహమ్మద్ సమాధి ఉన్నచోట కొంతకాలం ఉంచి, తర్వాత శ్రీరంగపట్నం తీసుకెళ్లారు. కోలారు బజారుకి వెళ్లినప్పుడు మనం చూసే మక్బరా అదే.

కబురు మద్రాసు చేరాక అక్కడి క్రైస్తవ దొరలు ఏం చేశారు? ఇదే అదను, వెంటనే దండెత్తమని గవర్నరు మెకార్ట్నీ తొందరపెట్టాడు. జనరల్ స్టువర్టు కదల్లేదు. వాళ్ల గొడవంతా అదను గురించే.

అదే కాలంలో ఇంకో క్రైస్తవుడు ఉన్నాడు. తంజావూరు మిషనరీ స్వార్ట్జ్ అయ్యగారు. 1779లో మద్రాసు ప్రభుత్వం ఆయన్ని సంధి మాటలకి హైదర్ దగ్గరికి పంపింది. ఆయన శ్రీరంగపట్నం వెళ్లి, శత్రువు ఎదుట కూర్చుని మర్యాదగా మాట్లాడాడు. దారి ఖర్చులకని హైదర్ ఇచ్చిన 300 రూపాయలు తన దగ్గర ఉంచుకోలేదు, తంజావూరులో పిల్లల బడికి చేర్చాడు. మరుసటి సంవత్సరం హైదర్ దండు కర్ణాటకం మీద పడింది. ఆ వెనకే వచ్చిన కరువులో ఆకలిగొన్నవాళ్లకి అన్నం పెట్టిందీ ఈ అయ్యగారే. హైదర్ వల్ల జరిగిన నష్టాన్ని ఆయన కళ్లారా చూశాడు. అయినా హైదర్ ఆయనకి మనిషిగానే కనిపించాడు. శత్రువు బతికుండగా మనిషిగా చూడనివాళ్లం, చచ్చాక ఒక్కసారిగా చూడలేం.

ఇక టిప్పు. మంగళూరు వైపు కథోలికులకి ఆయన పేరు చెబితే గాయం గుర్తొస్తుంది. 1784లో వేలమందిని ఇళ్లనుంచి లేపి శ్రీరంగపట్నానికి నడిపించారు, గుళ్లు పడగొట్టారు, ఎంతోమందిని బలవంతంగా మతం మార్చారు. ఇది దాచాల్సిన సంగతి కాదు. అలాగే మన ముస్లిం పొరుగువాళ్లు చాలామందికి ఆయన పోరాడుతూ ప్రాణమిచ్చిన వీరుడు. అదీ దాచాల్సింది కాదు.

1799 మే 4న టిప్పు కోట ద్వారం దగ్గర పడిపోయాడు. మరునాడు ఇంగ్లీషువాళ్లు సైనిక మర్యాదలతో, ఫిరంగులు పేలుస్తూ, తండ్రి పక్కనే సమాధి చేయించారు. అంతవరకు బాగుంది. కానీ ముందు రాత్రి అదే సైన్యం పట్నమంతా దోచుకుంది. తర్వాత సిపాయిలకి పంచిన పతకం మీద సింహం పులిని కింద పడేసి తొక్కుతున్న బొమ్మ చెక్కించారు. ఒక చేత్తో గౌరవం, ఇంకో చేత్తో ఎగతాళి.

ఆ తర్వాత అక్కడికి వెళ్లిన ఫ్రెంచి గురువు ఆబే దుబోయ్ ఇంకో పని ఎంచుకున్నాడు. చెల్లాచెదురైన, మతం మార్చబడిన క్రైస్తవులను మళ్లీ కూడగట్టాడు. అక్కడితో ఆగలేదు. మశూచి టీకాలు వేయించే పని నెత్తిన వేసుకున్నాడు. 1803–04లో మైసూరు సీమలో ఆ టీకా పాతిక వేలమందికి పైగా అందింది. పడిపోయిన రాజు గురించి పండగ చేసుకోవడం కంటే, ఆయన వెనక మిగిలిన జనానికి చెయ్యాల్సిన పని ముఖ్యమనుకున్నాడు.

ఇందులో మన భాగం కూడా ఉంది. టిప్పు పడ్డాడు కాబట్టే 1802లో లెఫ్టినెంట్ వారెన్ మైసూరు తూర్పు సరిహద్దు సర్వేకి వచ్చి, ఊరిగాం, మారికుప్పం వైపు బంగారం మాట విన్నాడు. 1880లో జాన్ టేలర్ కంపెనీ వచ్చింది. మన తాతలు చిత్తూరు వైపు నుంచి వచ్చి గనిలో దిగారు. ఒకరి పతనం మీద మన కూడు మొదలైంది. సంబరానికి మనకి అర్హత తక్కువ.

వాక్యం ఏమంటోంది? శత్రువు పడినప్పుడు సంతోషించవద్దని సామెతలు 24వ అధ్యాయంలో ఉంది. తనని చంపబోయిన సౌలు చనిపోతే దావీదు బట్టలు చింపుకుని ఏడ్చాడు. మరి ఎర్ర సముద్రం దాటాక మిర్యాము తంబుర పట్టలేదా అని మన తమ్ముడు అడిగాడు. మంచి ప్రశ్నే. మాకు అర్థమైనంతవరకు, తప్పించుకున్నామని దేవుణ్ణి స్తుతించడం వేరు, చచ్చినవాడి ముఖం చూసి నవ్వడం వేరు. ఊపిరి పీల్చుకోవడం పాపం కాదు. అన్యాయాన్ని అన్యాయమనడమూ పాపం కాదు. తీర్పు కుర్చీలో మనం కూర్చోవడమే తప్పు.

కాబట్టి ఆ వ్యాపారిని మంచివాడని ఎవరూ అబద్ధమాడనక్కర్లేదు. నష్టపోయినవాళ్లు క్షమించి తీరాలని మేము ఒత్తిడి చెయ్యం. ఆ లెక్క వాళ్లకీ దేవుడికీ మధ్య ఉంది. కానీ ఆ ఇంట్లో ఒక ముసలామె ఒంటరిగా ఉంది. ఆమె మనకేమీ బాకీ లేదు.

ఆదివారం ఆరాధన అయ్యాక మేము కొందరం ఆ ఇంటికి వెళ్తున్నాం. రాగలిగినవాళ్లు రండి. రాలేనివాళ్లు, దయచేసి ఆ నవ్వే బొమ్మ తీసెయ్యండి.